నా పేరు లేని ఫర్మాయిష్

మా మేడమీద అద్దెకుంటున్న అమ్మాయి ఫిజియోథెరపిస్టు. నడుములూ మోకాళ్ళూ బాగుచేయడంలో మంచి హస్తవాసి ఉందంటారు గాని, ఎదుటివాళ్ళ చెవుల మీద మాత్రం ఆమెకు ఏమాత్రం జాలి లేదు. మధ్యాహ్నం మూడింటికి ఆసుపత్రి నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుప్పెడంత స్పీకరు ఒకటి ఆన్ చేస్తుంది. జల్‌పల్లిలో నూట ఇరవై గజాల్లో కట్టుకున్న మా ఇంటి కిటికీ అద్దాలు ఆ దెబ్బకు వణుకుతాయి. ఈ వారం ప్రపంచంలో నంబర్ వన్ పాట అదేనట. అందులో నాలుగు మాటలు, రెండు స్వరాలు, ఒక డప్పు ఉన్నాయి. ఆ డప్పైనా మనిషి కొట్టింది కాదు.

నా ఈడువాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మనం విన్న ఇంగ్లీషు పాటల్లో, పొడుగు జుట్టు కుర్రాళ్ళు గొంతు చించుకుని పాడుతుంటే, ఆ గొంతు పగిలిన చోట పగిలినట్టే వినపడేది. పాట మధ్యలో గిటారు ఒక్కటే మిగిలి తన గోడు చెప్పుకునేది, అప్పుడు మనం అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి వినేవాళ్ళం. ఇప్పుడు పగిలిన గొంతును యంత్రం అతికిస్తుంది, పాడేవాళ్ళంతా ఒకే తల్లి బిడ్డల్లా వినపడతారు, ఆర్నెల్లు తిరిగేసరికి ఆ పాట వాళ్ళకే గుర్తుండదు. ఈ మాటలన్నీ నేను రోజూ మూడింటికి పైకి వినపడేలాగే అంటాను. మా అక్క మాత్రం ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, పళ్ళెం కింద కాలి బొటనవేలితో తాళం వేస్తుంటుంది.

అక్కకు డెబ్బై దాటాయి. మా ఇద్దరి ఇంటాయనలూ పోయాక, మూడేళ్ళుగా నా దగ్గరే ఉంటోంది. ఒకప్పుడు మా సందులో అక్క పాడితే ఎదురింటి దర్జీ మిషను ఆపేవాడు. యాభై ఏళ్ళుగా అక్క పాడటం నేను వినలేదు. ఆ గొంతు మూగబోవడానికి కారణం నేనే. ఈ సంగతి పోయిన వారం దాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు, మిగతాది కూడా చెబుతాను.

పంతొమ్మిది వందల డెబ్బైల మధ్యలో మేము లాల్‌దర్వాజాలో, మహంకాళి గుడి వెనక సందులో ఉండేవాళ్ళం. కింద మేము, పైన రెండు గదుల్లో అద్దెకు ఒక క్రైస్తవ కుటుంబం, అంటే ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒకావిడ, ఇరవై ఏళ్ళు దాటిన ఆమె కొడుకు. నర్సమ్మ రోజూ పొద్దున డ్యూటీకి వెళుతూ మా నానమ్మకు చక్కెర జబ్బు సూది వేసి వెళ్ళేది, దానికి ఎన్నడూ పైసా తీసుకోలేదు. కొడుకు దగ్గర ఒక గిటారు ఉండేది. దాని మీద అతనికి తెలిసింది కొంచెమే గాని, తెలిసినదాన్ని ఎంతో మర్యాదగా వాయించేవాడు. మా బాపు కర్మాగారంలో ఫోర్‌మన్, వార్తల కోసం, నానమ్మ భజనల కోసం వాల్వుల రేడియో ఒకటి కొన్నాడు. దానికి అమ్మ అల్లిన దారపు ముసుగు ఉండేది. ఆదివారం మధ్యాహ్నం అరగంట మాత్రం ఆ రేడియో మాది, ఎందుకంటే శ్రోతలు కోరిన ఇంగ్లీషు పాటలు అప్పుడే వేసేవాళ్ళు.

ఫర్మాయిష్ పంపడమంటే ఏమిటో ఈ తరానికి ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఒక పోస్టుకార్డు మీద పాట పేరు, దాని కింద కోరినవాళ్ళ పేర్లు, ఊరు, సందు రాసి పంపితే, రెండు మూడు వారాలకు రేడియోలో ఆ పేర్లన్నీ ఒక్క గుక్కలో చదివి పాట వేసేవాళ్ళు. పాట కన్నా పేర్లు వినడానికే మా గుండెలు కొట్టుకునేవి. మేము అయిదుగురం: నర్సమ్మ కొడుకు, అక్కతో కాలేజీలో చదివే పక్క సందు ఉర్దూవాళ్ళ అమ్మాయి, అక్క, దర్జీ కూతురు, చివర నేను. కార్డు ఎవరి వంతున ఎవరు రాసినా అయిదు పేర్లూ ఉండాల్సిందే, అదీ వయసు వరసలో. ఒకసారి ఎవరో దర్జీ కూతురి పేరు మరిచిపోతే వారం రోజులు ఒకటే లొల్లి, ఆ పిల్ల మా గడప తొక్కలేదు.

సాయంత్రాలు మిద్దె మీద నర్సమ్మ కొడుకు వాయిస్తుంటే అక్క పాడేది. పరాయి భాషలో ఎవరో తెల్లవాడు ఎవరికోసమో ఏడ్చిన పాట అక్క గొంతులో మా సందు పాటే అయిపోయేది. నా గొంతు సంగతి నాకు తెలుసు. నేను కలిస్తే శృతి చెడేది, తాళం వేస్తే తాళం తప్పేది. ఒకరోజు అతను గిటారు ఆపి, "చెల్లె, నువ్వు ఊకే విను. వినెటోళ్ళు గూడ గావాలె గదా," అన్నాడు. దయతోనే అన్నాడు. దయతో అన్నాడు కాబట్టే నాకు ఎక్కువ మండింది.

అతని మీద మనసు పడి చేశానని మీరు అనుకోవద్దు. అతని ముక్కు కూడా నాకు నచ్చేది కాదు. నాకు కావలసింది అక్క గొంతు. అది నాకు రాదు కాబట్టి ఎవరికీ దక్కకూడదనుకున్నాను, అంతే. పదహారేళ్ళ పిల్లకు అంత విషం ఉంటుందా అంటే, ఉంటుంది.

అంతలో రేడియో స్టేషన్ నుంచి అక్కకు ఆడిషన్ పిలుపు వచ్చింది. యువకుల కార్యక్రమంలో ఇంగ్లీషు పాట పాడటానికట. బాపు నాలుగు రోజులు పలకలేదు, అయిదో రోజు నర్సమ్మ మాట తీసేయలేక ఒప్పుకున్నాడు: గిటారు వాయించడానికి నర్సమ్మ కొడుకు వెళ్ళొచ్చు, కాని అక్కకు తోడుగా నేనుండాలి. అక్క ఆ రాత్రి కూడా నన్ను పక్కన పడుకోబెట్టుకుని, అక్కడ మైకు ఎంత పెద్దగా ఉంటుందో అని నాతోనే చెప్పుకుంది. ఆ మర్నాడే నేను కార్డు రాశాను.

మా సందు డబ్బాలో వేస్తే ఎవరైనా చూస్తారని నయాపూల్ దాకా నడిచివెళ్ళి అక్కడి డబ్బాలో వేశాను. రేడియోలో చేతిరాత వినపడదన్న ఇంగితం కూడా లేక ఎడమ చేత్తో రాశాను. త్వరలో పెళ్ళి చేసుకోబోతున్న మా స్నేహితులిద్దరికీ శుభాకాంక్షలతో అని రాసి, అక్క పేరు, నర్సమ్మ కొడుకు పేరు పెట్టాను. కోరినవాళ్ళుగా పక్క సందు అమ్మాయి, దర్జీ కూతురు. నా పేరు పెట్టలేదు. తెలివైనదాన్ని కదా.

కార్డు చదవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఏ రోజైనా నిజం చెప్పేసి ఉండొచ్చు. చెప్పకపోగా, ప్రతి ఆదివారం బాపు భోజనానికి కూర్చునే వేళకు రేడియో చెవి మెలిపెట్టి గొంతు పెంచేదాన్ని. చాలా ఏళ్ళు ఇదంతా చిన్నతనపు అల్లరి అని నాకు నేనే చెప్పుకున్నాను గాని, అల్లరి చేసేవాళ్ళు అలా మూడు వారాలు కాచుకుని కూర్చోరు.

బోనాలు అయిపోయిన తర్వాతి ఆదివారం, పండక్కి వచ్చి ఇంకా కదలని మా మేనమామ బాపు పక్కనే కూర్చుని తింటున్నాడు. రేడియోలో లాల్‌దర్వాజా అని వినగానే అక్క వంటింట్లోంచి నవ్వుతూ పరుగెత్తుకొచ్చింది. పేర్లు చదివారు. బాపుకు ఇంగ్లీషు అంతంతమాత్రం గాని, కూతురి పేరు పక్కన ఎవరి పేరుందో తెలియకపోలేదు. ముద్ద నోటిదాకా పోకుండానే ఆగింది.

"ఏమన్నడు వాడు?" అని మామను అడిగాడు.

"పెండ్లంట బావా. ఇద్దరు పెండ్లి చేసుకుంటున్నరంట," అన్నాడు మామ, అన్నం వైపు చూస్తూ.

ఆ తర్వాత పాట మొత్తం వచ్చింది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. గిటారు ఒంటరిగా ఏడ్చే చోటు కూడా వచ్చి వెళ్ళింది. అమ్మ అక్కను కొట్టింది, బాపు కొట్టలేదు. "నేను రాయలే బాపూ," అని అక్క ఒక్కసారే అని ఊరుకుంది. అని, నావైపు చూసింది. కళ్ళు తుడుచుకోవడానికి తువ్వాలు అడుగుతోందేమో అనుకుని అందించాను.

నర్సమ్మ కిందికి వచ్చి, తన కొడుకు అట్లాంటివాడు కాదని, బైబిలు మీద ప్రమాణం చేయిస్తానని బతిమాలింది. "ఇల్లు ఖాళీ చెయ్యిండ్రి సిస్టరమ్మా. ఇంక ముచ్చట లేదు," అని బాపు లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆడిషన్ కాగితం నీళ్ళపొయ్యిలో కాలింది, గురువారం ఆడిషన్ వేళకు అక్క లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆ వారంలోనే నర్సమ్మ సామాను తోపుడుబండి ఎక్కింది. గిటారును దుప్పట్లో చుట్టి నర్సమ్మ కొడుకు బండి వెనక నడుస్తూ, సందు మలుపు దాకా ఒక్కసారి కూడా తలెత్తలేదు. పక్క సందు అమ్మాయిని మా ఇంటికి రానివ్వలేదు, దర్జీ కూతురికి వాళ్ళమ్మ చేతిలో దెబ్బలు పడ్డాయి. పేరు లేదు కాబట్టి నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. నానమ్మ సూది కోసం రోజూ రిక్షాలో దవాఖానాకు వెళ్ళాల్సి వచ్చేది, వచ్చి కాళ్ళు నొక్కమనేది. నేను నొక్కుతుంటే, "ఆ కార్డు రాసినోల్ల చేతులు పడిపోను," అని కళ్ళు మూసుకుని తిట్టేది. ఇంకొంచెం గట్టిగా నొక్కవే అనేది.

అక్క డిగ్రీ ప్రైవేటుగా పూర్తిచేసి బడిపంతులమ్మ అయింది, నల్లగొండ వైపు ఒక మాస్టారుగారిని చేసుకుంది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో మేము కలిసినప్పుడు ఎవరైనా మంగళహారతి పాడమంటే గొంతు బాగాలేదనేది. నేను పక్కన తలవంచుకుని కూర్చునేదాన్ని. ఇప్పుడు మిగతాది చెబుతాను: ఆ బాధలో నాకు కొంచెం గొప్ప కూడా ఉండేది. ఒక మనిషి పాటను జన్మంతా ఆపగలిగానన్న గొప్ప. పాడటం చేతకానిదానికి అదే దక్కిన విద్య.

పోయిన వారం ఇక ఓపిక నశించి, ఆ నంబర్ వన్ పాటను ఆపించడానికి మెట్లెక్కాను. నా తిట్లు అయిపోయేదాకా ఆ అమ్మాయి స్పీకరు నోరు నొక్కి నిలబడింది. ఆ తర్వాత, నన్ను సంతోషపెట్టడానికే కాబోలు, మీ కాలం పాటలు కూడా నాకు వచ్చు ఆంటీ, పెద్దాంటీ నేర్పింది అంది.

"మీరు కూరగాయలకు పోంగనే పైకొస్తది. మస్తు పాడుతది. నేను వెనక మ్యూజిక్ పెడ్తా. రికార్డ్ గూడ చేసిన, కానీ..." అని ఆగిపోయింది.

కానీ ఏమిటి అన్నాను.

"మీకు మాత్రం వినిపించొద్దన్నది ఆంటీ."

మెట్లు దిగి వచ్చాను. అక్క చిక్కుడుకాయల దగ్గరే ఉంది. ఏమీ అడగకుండానే అన్నీ చెప్పేశాను, ఎడమ చెయ్యి, నయాపూల్, రేడియో చెవి. అక్క వింటూ ఈనె తీసింది. తర్వాత బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెట్టింది: నర్సమ్మ కొడుకు, పక్క సందు అమ్మాయి, తాను, దర్జీ కూతురు.

"నాలుగే చదివిండు. మన కార్డుల అయిదు పేర్లు లేంది ఎన్నడన్న ఉన్నదా? అయిదోది రాలే. గా నిమిషంలనే ఎరుకైంది నాకు."

మరి బాపుకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నిన్ను సంపుతుండె. అండ్ల నాకేమొస్తది?" అంది. ఇంకో కాయ తీసుకుంది. "పాట నేను ఇడ్సిపెట్టలే. బడిల పిల్లలకు పాడిన. ఇంట్ల పాడిన. మీ బావ ఆఖరి దినాలల్ల పక్కకు కూసొని పాడిన. నీ ముంగట పాడలే, గంతే."

అందులో కోపం ఏమీ లేదు. కోపం ఉంటే బాగుండేది, ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. యాభై ఏళ్ళుగా నేను ఆపాననుకున్న పాట ఊరందరికీ వినపడింది, ఒక్క నాకు తప్ప.

ఇప్పటి పాటల్ని తిట్టడం మానలేదు, అవి నిజంగానే బాగాలేవు. కాని ఆ రోజుల్లో పాట వస్తే పేర్లతో వచ్చేది, సందు సందంతా ఒక్కసారే వినేది, ఎవరి పేరు ఉందో ఎవరి పేరు లేదో అందరికీ తెలిసేది. ఇప్పుడు ఎవరి పాట వారి చెవిలోనే మోగి చల్లారిపోతుంది, కోరేదీ వినేదీ ఒక్కరే. రోజూ నాలుగింటికి నేను సంచీ తీసుకుని బయల్దేరతాను. ఇంట్లో కూరలున్నా బయల్దేరతాను. కాలనీ చివరి దాకా నడిచి, మోకాళ్ళు నొప్పెడుతున్నా ఇంకో చుట్టు తిరిగి, గంట గడిచిందని నమ్మకం కుదిరాకే వెనక్కి వస్తాను. గేటు కూడా చప్పుడయ్యేలా తీస్తాను, మధ్యలో వచ్చి వినేసిందని అక్క అనుకోకూడదు కదా. ఈ వయసులో నేను పంపగలిగిన ఫర్మాయిష్ ఇదొక్కటే, ఇందులోనూ నా పేరు లేదు.