నేను లాగని పిడి

మొన్న మా ఫ్రిజ్ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్, లోపల పేరుకున్న మంచును గోకుతూ, "వాడుకునేవాళ్లకి ఇవన్నీ తెలియక్కర్లేదు లెండి సార్" అన్నాడు. తెలియక్కర్లేదని నేనూ ఒకప్పుడు గట్టిగా నమ్మాను. కాకపోతే ఫ్రిజ్ విషయంలో కాదు, విమానం విషయంలో.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను చిన్న విమానం నడపడం నేర్చుకునేవాణ్ణి. ఇంజను పాఠాలు మిరపకాయ బజ్జీల్లా వేడివేడిగా మింగి, పరీక్ష కాగానే అరిగించేసుకున్నాను. ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బురేటర్లో మంచు కట్టకుండా వేడిగాలి పంపే పిడి ఒకటుంటుందని, ఇంజను వేగం తగ్గించి కిందికి దిగేటప్పుడు దాన్ని లాగాలని మాత్రం కంఠతా వచ్చు. అదంతా హిమాలయాల వాళ్లకోసం పెట్టి ఉంటారనుకున్నాను. కళ్లాల్లో మిరపకాయలు గలగలా ఎండే సీమ మాది. పొదిలి వైపు మంచినీళ్లకే కటకట, ఇక మంచెక్కడిది!

మబ్బు పట్టి ఉక్కపోస్తున్న ఒక రోజు ఒంటరిగా ఎగురుతూ, కొత్తపట్నం దగ్గర సముద్రాన్ని కాస్త దగ్గరగా చూద్దామని ఇంజను తగ్గించి దిగాను. మళ్లీ పెంచబోతే అది దగ్గి, మూలిగి, ఊరుకుంది. ఎలాగో తడి ఇసుక మీద దించాను. ఊళ్లో ఒకాయన నేను కిటికీలోంచి చెప్పిన నంబరుకు ఎస్టీడీ బూత్ నుంచి మా గురువుగారికి ఫోన్ చేసి వచ్చి, "తను వచ్చేదాకా నిన్ను కదలొద్దన్నారయ్యా" అన్నాడు. తలుపు తీద్దామన్నా జనం ఒత్తిడికి తెరుచుకోలేదు. గాజు బీరువాలో మిఠాయిలా ఇరుక్కుపోయి కూర్చున్నాను.

"ఏందబ్బా, ఆటోకి రెక్కలు కట్టినట్టుందే!" అంది చేపల తట్టతో ఒకామె.

జనాన్ని తోసుకుంటూ ఐసు ఫ్యాక్టరీ మెకానిక్ సాయిబుగారు వచ్చి విమానం ముక్కు కిందికి వంగారు. కిటికీ తట్టి, "అబ్బాయ్, ఈడ చల్లటి నీళ్లు కారతన్నయి. గాలి సన్న సందులోంచి పోద్దా?" అని అడిగారు.

"పోతుందండి."

"మరింకేం, ఈ ఉక్కలో తడిగాలి సందులో దూరి చల్లబడి ఆడ మంచు కట్టుద్ది. రోహిణి కార్తెలో కూడా మా ఫ్యాక్టరీ గొట్టం తెల్లగా గడ్డకట్టుద్ది. కరిగించే ఏర్పాటేం పెట్టలేదా మీవోళ్లు?"

నా మోకాలికి జానెడు దూరంలో ఉంది పిడి.

"ఉందండి."

"ఉంది గానీ లాగలా!" అని నవ్వారాయన. తర్వాత నవ్వు ఆపి, "ఇంకాసేపటికి ఈ నీళ్లూ ఉండవు. నువ్వే చెప్పుకోవాల" అని వెళ్లిపోయారు.

రెండు గంటలు ఆ గాజు పెట్టెలో చెమటలో నానాను. నీళ్లు ఆరిపోయాయి, సాక్ష్యమూ ఆరిపోయింది. జీపు దిగిన గురువుగారు, "భలే దించావురా!" అని కిటికీలోంచే భుజం తట్టారు. ఆ వెంటనే, తనతోపాటు జీపులో వచ్చిన మా ఫ్లయింగ్ క్లబ్బు ఇంజనీరు, పొద్దున ఇంజను చూసి సంతకం పెట్టినాయన వైపు తిరిగి, "ఇదేనా నువ్వు చూసింది? రేపటినుంచి రానక్కర్లేదు" అన్నారు. నలుగురు పిల్లల తండ్రి. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

జనం పక్కకు జరగడంతో తలుపు ఇప్పుడు తెరుచుకుంది. నేనే కదల్లేకపోయాను. నోరు మూసుకుంటే వీరుణ్ణి, తెరిస్తే మళ్లీ విమానం ఎక్కనిస్తారో లేదో.

"సార్, ఆయన తప్పు లేదు. పిడి నేను లాగలేదు."

"ఎందుకు లాగలేదు?"

"మన ఎండల్లో మంచు కట్టదనుకున్నానండి."

ఆర్నెల్లు నన్ను ఎగరనివ్వలేదు. ఆ ఇంజనీరు పక్కనే గ్రీజు చేతులతో కూర్చుని, ప్రతి పిడీ వెనక ఏముందో విప్పి చూశాను. ఇంజను ఆగినప్పటినుంచి ఇసుక తగిలేదాకా పట్టింది రెండు నిమిషాలు. ఆయన టోపీ తీసినప్పటినుంచి నా నోరు పెగిలేదాకా అంతకూడా పట్టలేదు. అయినా ఇన్నేళ్లకు వెనక్కి తిరిగి చూస్తే, నేను నోరు విప్పని ఆ కాసేపే ఇంకా పూర్తిగా గడిచిపోలేదనిపిస్తుంది.