సీటు మీది తువ్వాల

వరంగల్‌లో ములుగు బస్సెక్కితే మిగిలిన ఒక్క ఇద్దరి సీటు మీద ఎవరో కిటికీలోంచి వేసిపోయిన తువ్వాల ఉంది. తువ్వాల వేస్తే సీటు వాళ్లదే, మా దగ్గర పద్ధతి అంతే. విసుక్కుంటూ నిలబడే మర్నాడు బడిలో చెప్పాల్సిన పాఠం తిరగేస్తున్నాను.

"ఏం సదువుతానవ్ బిడ్డా?" అంది పక్కన నిలబడ్డ పెద్దామె.

"ఇటలీల ఫాసిజం అని, ఒక్కడే దేశాన్నంతా గుప్పిట్ల పెట్టుకున్నడమ్మా. ఇరవై ఏండ్లకు కూలిండు."

"అన్నేండ్లు ఎవ్వలు అడుగలేదా?"

"అడిగినోళ్లను జైల్ల ఏసిండ్రు. మిగిలినోళ్లు అలవాటు పడ్డరు."

బస్సు ఆత్మకూరు దాటింది. "గీ తువ్వాల ఎవలిది?" అని ఆమె గట్టిగా అడిగింది. ఎవరూ పలకలేదు. దాన్ని మడిచి పక్కన పెట్టి కూర్చుంది, జరిగి నాకూ చోటిచ్చింది.

ఇప్పటికీ నా మీద నాకే చిరాకు. పదేళ్లుగా ఆ పాఠం చెప్తున్న నేను, కూర్చునే ముందు తలుపు వైపు చూశాను, తువ్వాల మనిషి వస్తాడేమోనని.