డెబ్బై సెంటీమీటర్ల తలుపు

పొగకుండ వెలిగించింది సాయంత్రం 5:40కి. గడ్డివాము అంటుకుంది 5:58కి. నేను ఫోన్ చేసింది 6:03కి. ఆ రోజు అందుబాటులో ఉన్న దగ్గరి ఫైరింజన్ మా సిరోంచకు నూట నాలుగు కిలోమీటర్ల అవతల ఉంది. అది మా ఇంటి ముందు ఆగింది 8:26కి. ఆ దారిలో అంతకంటే త్వరగా రావడం ఎవరికీ సాధ్యం కాదు, వాళ్లను నేను ఏనాడూ తప్పుపట్టలేదు. కుండకూ వాముకూ మధ్య దూరం నాలుగు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. అది మరునాడు టేపుతో కొలిచాను. కొలిచి ఏం చేద్దామనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

వరికోతలయ్యాక మా వైపు దోమలు పశువులను నిలవనివ్వవు. పగిలిన కుండలో పిడకలూ వేపాకూ వేసి కొట్టం ముందు పొగ పెట్టడం ప్రతి ఇంట్లో ఉన్నదే. అత్త ఆ కుండను ఎప్పుడూ వాకిట్లో, గడ్డికి దూరంగా పెట్టేది; పొగ కొట్టందాకా సగమే చేరేది. నేను లెక్క ప్రకారం పెట్టాను. నది మట్టం చదవడం నా ఉద్యోగం. రోజూ ఉదయం ఎనిమిదింటికి ప్రాణహిత ఒడ్డున మట్టంతో పాటు గాలి దిశ కూడా రాస్తాను. వరుసగా పదకొండు రోజులు ఈశాన్యపు గాలి. వాము ఈశాన్యంలో, కొట్టం నైరుతిలో ఉన్నాయి కాబట్టి కుండను ఆ రెంటి మధ్య పెడితే పొగ మొత్తం కొట్టంలోకి పోతుంది, నిప్పురవ్వ వాము వైపు పోదు. లెక్కలో తప్పు లేదు. ఉదయం గాలి రాతలతో సాయంత్రం పొగ పెట్టాను, అంతే. సాయంత్రానికి గాలి వాము వైపు తిరిగింది.

వాము మండాక గాలి ఎటు వీచినా ఒకటే అయింది. కొట్టం కప్పు కూడా గడ్డిదే. ఆవు పలుపు తెంపుకుని బయటపడింది. నాలుగు నెలల లేగ బయటపడలేదు.

నా కూతురికి అప్పుడు ఐదేళ్లు దాటి తొమ్మిది నెలలు. మంట లేవగానే ఎదురింటి దర్జీ చాచా ఆమెను ఎత్తుకుని తన ఇంట్లోకి తీసుకుపోయాడు. ఫైరింజన్ వచ్చాకే ఆమె బయటికి వచ్చింది. బండివాళ్లలో ఒకాయన ఆమెను పైకెక్కించి గంట కొట్టనిచ్చాడు. దిగుతూనే అడిగింది: "అమ్మా, లేగేది?"

లేగ మూడు మీటర్ల అవతల తడిసిన గోనెల కింద ఉంది.

"బండిల ఎక్కించిండ్రు. డాక్టర్ దగ్గరికి తీస్కపోతున్నరు. బాగైనంక మళ్ల ఇదే బండిల తెస్తరు," అన్నాను.

బండి వెళ్లిపోతుంటే నా కూతురు చెయ్యి ఊపింది. నేనన్నది అత్త విన్నది. ఇంట్లోకి పోతూ ఒక్క మాట అన్నది: "అన్నవు గదా, ఇగ లేని లేగకు నువ్వే గడ్డెయ్యి."

ఫిబ్రవరిలో పుట్టినరోజు. ఏం కావాలే అని అడిగితే నా కూతురు తడుముకోకుండా ఫైరింజన్ పండుగ కావాలన్నది. బండి, టోపీలు, నీళ్లాటలు, అందరూ ఎర్ర అంగీలు. భామ్రాగడ్‌లో పనిచేసే మా ఆయన ఫోన్‌లోనే సరేనన్నాడు. అత్త ఒప్పుకోలేదు.

"కాలిన ఇంట్ల మంటల ఆటలేంది పిల్లా? జనం నవ్వరా?"

"భయం పోతది అత్తా. ఆట లెక్క జేస్తె మర్చిపోతది."

"ఎవలు మర్చిపోతరు? అదా, నువ్వా?"

నేను గ్రాఫ్ కాగితం తీశాను. పదకొండు మంది పిల్లలు. ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండున్నర వరకు. ఎర్ర చార్టుతో టోపీలు: చుట్టుకొలత యాభై రెండు సెంటీమీటర్లు, అతుకుకు రెండు అదనం. పతంగుల కాగితాన్ని నారింజ, పసుపు నాలుకలుగా కత్తిరించి ఖాళీ సీసాలకు అంటించాలి; అవే మంటలు. రెండు మీటర్ల దూరం నుంచి పిచికారీ కొడితే పడాలి, గాలికి పడకూడదు. మూడుసార్లు ప్రయత్నించి, సీసాకు నూరు గ్రాముల ఇసుక సరిపోతుందని తేల్చాను. దుప్పటి కింద పొగలో పాకినట్టు పాకే ఆట ఒకటి. అడుగున చిల్లులున్న డబ్బాలతో నీళ్లు చేతులు మార్చే వరుస ఒకటి. ఆ పది రోజులూ నా చేతులకు పని ఉంది. సుఖంగా ఉన్నానని అనలేను, కానీ వంటింటి కిటికీలోంచి నల్లబడిన నేల వైపు చూడకుండా అన్నం వండగలిగాను.

కూలర్లు వచ్చిన అట్టపెట్టెలు మూడు కలిపి బండి చేశాం. వెనక తలుపు నలభై సెంటీమీటర్లని గీశాను. నా కూతురు ఒప్పుకోలేదు.

"ఇంక పెద్దగ కొయ్యి."

"ఎందుకే? మీరు పట్టరా?"

"మాకు గాదు. లేగ దిగాలె గదా."

ఆమె నావైపు చూడలేదు. పేపర్ ప్లేట్లతో చక్రాలు అంటిస్తున్నది, వేళ్లన్నీ గంజి. అప్పటిదాకా ఈ పండుగ ఆమెకు ఫైరింజన్ మీదున్న ఇష్టమనుకున్నాను. ఆమె బండిని పిలుస్తున్నదని అప్పుడు అర్థమైంది. పుట్టినరోజుకు ఆ ఎర్ర బండి వస్తుంది, లేగను దించుతుంది. తాను ఎదురుపోయి దించుకోవాలి కాబట్టి దానికి తగ్గ వేషమంతా వేసుకోవాలి.

చెప్పవలసిన క్షణం అది. నేను స్కేలు తీసి డెబ్బై సెంటీమీటర్లు గీసి కోశాను.

మూడో రోజు అంగీ కొలతకు దర్జీ చాచా దగ్గరికి వెళ్లాం. ఆయన భుజాలు కొలుస్తుంటే ఆమె అన్నది: "చాచా, మిగిలిన ఎర్రగుడ్డతోని మెడపట్టీ గుడ కుట్టు. గజ్జె పెట్టి."

"నీకా బేటీ?"

"నాకెందుకు? మా లేగకు."

ఆ సాయంత్రం గోనె మీద గోనె తడిపి కప్పింది చాచానే. ఆయన టేపు ఆమె భుజం మీదే ఆగిపోయింది.

"మెడ కొలతెంత పెట్టాలె మరి?"

ఆమె రెండు చేతులతో గాలిలో లేగ మెడంత చూపింది. "ఇప్పటికి పెద్దగైతది గదా. రెండు ఇంచులు ఎక్వ పెట్టు."

ఆమె బయట మేకపిల్లల దగ్గరికి పోయాక చాచా గొంతు తగ్గించాడు. "అమ్మా, నలభై ఏండ్ల సంది మిషన్ దొక్కుతున్న. లేని మెడకు ఎన్నడు కుట్టలె. జర చెప్పెయ్యి పిల్లకు."

"చెప్త చాచా. పండుగ లోపల చెప్త."

"ఇయ్యాల్నే చెప్పు. దినాలు వోతే ఆ మెడ ఇంక పెరుగుతది."

చెప్పలేదు. గురువారం చెబుదామనుకుని ఇంకొక ఆట కనిపెట్టాను. శుక్రవారం ఆమె మంచం కింద ఊడుస్తుంటే పచ్చగడ్డి కట్ట దొరికింది. దాని కింద ఎండిపోయినది ఇంకొకటి, దాని కింద పొడి అయిపోయినది ఇంకొకటి. వాటిని తీసిన చోటనే పెట్టి చీపురు పక్కన వేశాను.

ఆదివారం ఆటలన్నీ నేను గీసినట్టే జరిగాయి. అది చెప్పడానికి సిగ్గుగా ఉంది. సీసాలు పడవలసిన దూరంలోనే పడ్డాయి. ఒక పిల్ల తడిసి ముద్దయి అరిచింది: "నీళ్లన్ని నాకే కొడ్తున్నవేందే, నేనేమన్న మండుతున్ననా?" అందరూ నవ్వారు, అత్త కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. నా కూతురు మొదటి రెండు ఆటలు ఆడింది. తరువాత టోపీ సరిచేసుకుని, మెడపట్టీ చేతిలో పట్టుకుని, గేటు దగ్గరికి పోయి నిలబడింది. అప్పుడు 11:10.

కేకు కోయడానికి పిలిస్తే వచ్చి, కోసి, మళ్లీ గేటు దగ్గరికి పోయింది. పిల్లలు వెళ్లిపోయారు. 1:05కి నా దగ్గరికి వచ్చింది.

"ఫోన్ జెయ్యి అమ్మా. ఎక్కడిదాక వచ్చిండ్రో అడుగు."

ఫోన్ నా చేతిలోనే ఉంది. ఆ రోజు నేను ఫోన్ చేయగా ఆమె చూసింది. ఫోన్ చేస్తే బండి వస్తుందని ఆమెకు తెలుసు.

నేను నేల మీద కూర్చున్నాను. లేగ బండి ఎక్కలేదని చెప్పాను. బండి వచ్చేటప్పటికే చచ్చిపోయిందని, గోనెల కింద ఉన్నది అదేనని, వెనక జామచెట్టు దాటినాక పూడ్చామని చెప్పాను. నాలుగు వాక్యాలు. తొంభై రోజులు దాటినాక చెప్పడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు.

ఆమె ఏడవలేదు. "మరి బండి ఎందుకొచ్చింది?"

"మంట ఆర్పనీకి."

"లేగ సచ్చినంకనా?"

"దూరం బిడ్డా."

ఆమె గేటు వైపు, అట్టబండి వైపు చూసింది. "మంట ఎవలు పెట్టిండ్రు?"

ఇక్కడ గాలి అని చెప్పవచ్చు. అది సగం నిజం కూడా. పదకొండు రోజుల రాతలు నా వైపు సాక్ష్యం చెబుతాయి.

"పొగకుండ నేనే పెట్టిన," అన్నాను.

ఆమె మెడపట్టీని నా ఒళ్లో పెట్టి, టోపీ తీసి దాని మీద పెట్టి, నానమ్మ దగ్గరికి పోయింది. అత్త ఆమెను లోపలికి తీసుకుని తలుపు దగ్గరగా వేసింది. నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

అట్టబండి రెండు రోజులు వాకిట్లో ఉంది. మంచుకు మెత్తబడితే మడిచి పెట్టాను, కాల్చలేదు.

పోయినవి ఇవి. రెండెకరాల వరిగడ్డి. కొట్టం ఒకటి, పన్నెండు అడుగులకు పద్దెనిమిది. లేగ ఒకటి, వయసు నాలుగు నెలలు. ఆవు పాలు, పూటకు రెండు లీటర్లు, వారంలో ఎండిపోయాయి. ఎర్ర చార్టులు ఆరు, పతంగుల కాగితాలు పద్నాలుగు, అట్టపెట్టెలు మూడు. మెడపట్టీ ఒకటి, పద్దెనిమిది అంగుళాలు, వాడనిది. కుట్టుకూలి చాచా తీసుకోలేదు. గడ్డికట్టలు మూడు. నా కూతురు ఇప్పుడు నానమ్మ దగ్గరే పడుకుంటుంది. నాతో మాట్లాడుతుంది, నేను పెట్టింది తింటుంది. నేను ఏదైనా చెబితే లోపలికి పోయి, అది నిజమేనా అని నానమ్మను అడిగి వస్తుంది.