మంద ఆగే చోటు

మడకశిర బస్సు కోసం నేను రోజూ నిలబడే మిట్ట మీదికి ఒక గొర్రెల కాపరి మూడుసార్లు ఆగి ఎక్కేవాడు. ఆగిన ప్రతిసారీ కట్టె మీద గడ్డం ఆనించి, ఈల వేసేవాడిలా పెదాలు సున్నా చుట్టి, మెల్లగా గాలి వదిలేవాడు. ఈల మాత్రం వినబడేది కాదు. మందంతా ఆయనతోపాటే ఆగి చూసేది.

ఒకనాడు నా చేతిలో సిగరెట్టు చూసి దూరంగానే నిలబడిపోయాడు. నేను ఆర్పేశాక దగ్గరికొచ్చాడు. బడిపంతులునైన నాకే పాఠం చెప్పాడు.

"ఊపిరి గొట్టాల్లో సన్నని వెంట్రుకలుంటాయంట సారూ. దుమ్మునీ కళ్లెనీ పైకి తోల్తాంటాయని డాక్టరు చెప్పినాడు. అంటే అవీ కాపర్లే గదా! నలభై ఏండ్లు బీడీ పొగ పెట్టి వాటిని నేనే చంపుకుంటి. లోపల గాలి బుడగలు గూడా చినిగిపోయినాయి. అవి మళ్లా అతకవంట."

"మరి ఇంటి పట్టున ఉండొచ్చు కదా?"

"ఆ కాపర్లు పోయిరి. ఈ కాపరన్నా ఉండల్ల గదా సారూ!" అని నవ్వబోయి దగ్గాడు.

తన తప్పును అంత నిబ్బరంగా చెప్పుకున్న మనిషిని నేను మరొకరిని చూడలేదు.

ఆయన పోయి ఏడాదైంది. ఇప్పుడు మందను ఆయన భార్య తోలుకొస్తోంది. ఆమెకు ఆయాసం లేదు, చకచకా నడుస్తుంది. అయినా ఆ మిట్ట మీద గొర్రెలు మూడుచోట్ల వాటంతట అవే ఆగి వెనక్కి చూస్తాయి. ఆమె అదిలించదు. కట్టె మీద గడ్డం ఆనించి, అవి కదిలేదాకా నిలబడుతుంది.