నేను తాగించిన నీళ్ళు

మా పుట్టిల్లు ఉద్దానం. అక్కడి నీళ్ళే కిడ్నీలను తినేస్తాయంటారు. కిడ్నీలు పాడై మా నాన్న పోయాడు, తర్వాత పెదనాన్న పోయాడు. పెళ్ళై రాజాం వచ్చినా ఆ భయం నన్ను వదల్లేదు. అందుకే మా అమ్మాయికి ఎడమవైపు డొక్కలో నొప్పి మొదలైతే, ఏం చెబుతారోనని డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. బోరు నీళ్ళు మాన్పించి, క్యాన్ నీళ్ళు తెప్పించి చెంబులకు చెంబులు తాగించాను.

"కడుపు నొప్పేస్తన్నాదమ్మా."

"ఏటే ఈ ఏషాలు? బడి ఎగ్గొట్టడానికేనా? నీళ్ళు తాగకపోతే కిడ్నీలు పోతాయి. మీ తాత ఎలాగ పోనాడో తెలీదేటి? తాగు."

నా నోటికి అడ్డూ ఆపూ లేదు. తాగిన కాసేపటికే పిల్ల మెలికలు తిరిగిపోయి వాంతి చేసుకునేది. నీళ్ళు చాలలేదనుకుని ఇంకో చెంబు ఇచ్చేదాన్ని. ఛీ, నేనూ ఒక తల్లినేనా.

ఒకరోజు బళ్ళోనే పడిపోయింది. శ్రీకాకుళం తీసుకెళ్ళి స్కాన్ తీయిస్తే ఎడమ కిడ్నీ ఉబ్బిపోయి ఉంది. కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టం మొదట్లోనే ఇరుకట, పుట్టుకతోనే. ఒక్కసారిగా నీళ్ళు ఎక్కువ తాగితే దిగే దారి లేక నొప్పి వస్తుందట. కిడ్నీ ఇంకా పని చేస్తోందనీ, ఇంకా ఆలస్యం చేస్తే దక్కదనీ డాక్టరుగారు చెప్పారు. నీళ్ళ సంగతి నేనే చెప్పాను. ఆయన అది రాసుకుని, విశాఖ ఆసుపత్రికి చీటీ ఇచ్చారు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

విశాఖలో కీహోల్ ఆపరేషన్ చేశారు. పెద్ద కోత లేకుండా, పొట్ట మీద మూడు చిన్న చిల్లులు పెట్టి, కెమెరాలో చూస్తూ ఆ ఇరుకు ముక్క తీసేసి మళ్ళీ కుట్టారు. కిడ్నీ దక్కింది. ఆ మాట విన్నాక కూడా నేను పిల్ల మొహంలోకి నేరుగా చూడలేకపోయాను.

మర్నాడు పాలు తీసుకుని గది గుమ్మం దాకా వచ్చేసరికి పిల్ల డాక్టరుగారితో మెల్లగా చెబుతోంది.

"మా అమ్మకి సెప్పకండేం. అమ్మ పొయ్యి దగ్గరికెళ్తే నీళ్ళు పెరట్లో పారబోసీదాన్ని. అందుకే నాకిలాగైపోనాది."

"నీ తప్పేం లేదమ్మా. ఇది పుట్టినప్పటి నుంచీ ఉన్నదే."

"కాదండి. నీళ్ళు తాగకపోతే కిడ్నీలు పోతాయని మా అమ్మ సెప్పినాది."

లోపలికి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని, "తప్పంతా నాదే తల్లీ" అన్నాను. అది నమ్మలేదు. నా చేతిలో పాల గ్లాసు చూసి బెదిరిపోయి, "అంతా తాగేస్తానమ్మా, తిట్టకు" అంది.