చంద్రుడి దాకా వెదురు

డుంబ్రిగుడ దగ్గర ఒక గిరిజన బాలికల బడిలో నేను సైన్స్ చెబుతాను. కాంతి కంటే వేగంగా ఏ కబురూ పోదని ఒక రోజు తొమ్మిదో తరగతిలో చెబుతుంటే ఒక పిల్ల లేచింది.

“సార్, సంద్రుడి దాకా ఎదురుబొంగు ఉందనుకోండి. ఇక్కడ పొడిస్తే అక్కడ ఎంటనే కదులుద్ది. అంటే కాంతి కంటే బేగి ఎల్లినట్టే కదా?”

పాడేరులో జరిగే జిల్లా సైన్స్ ప్రదర్శనలో ఇదే చూపిస్తానంది. ఆమె ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న ప్రదర్శన అది.

“అంత బొంగు ఏ కొండ మీద నరుకుతావే?” అన్నాను. క్లాసంతా నవ్వింది. మర్నాడు ఆ పిల్ల ప్రదర్శనకిచ్చిన తన పేరు తీసేయమంది.

నిజానికి నాకు జవాబు తెలియదు. గట్టి వస్తువు ఒక చివర తోస్తే రెండో చివర కూడా ఆ క్షణమే కదులుతుందని నేనూ నమ్మేవాణ్ణి. తెలియనప్పుడు ఎదుటివాళ్లను నవ్వులపాలు చేసి తప్పించుకోవడం నాకు పాత అలవాటే. “మీరు నవ్వారంటే మీకు తెలీదన్నమాట” అంటుంది మా ఆవిడ.

పేర్లు పంపడానికి సోమవారం ఆఖరు. ఆదివారం ఆ పిల్ల ఊళ్లో దేవత పండుగకు వెళ్లాను. పేరు మళ్లీ ఇమ్మని అడగాలి. ఎలా అడగాలో తెలియక నిలబడితే, ఆమె తాత నన్ను ధింసా నాట్యం ఆడే వరసలోకి లాగి, తన పక్కన చివర నిలబెట్టాడు. ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని ఆడతారు. మొదటివాడు అడుగేయడం చూసి నేనూ వేశాను. తాత ఇంకా కదలలేదు. ఇద్దరం కలిసి దుమ్ములో పడ్డాం.

“ముందోడ్ని సూసి కదిలిపోతావేటి సారూ? నా సెయ్యి లాగినప్పుడు కదలాల!” అన్నాడు తాత, లేస్తూ.

పక్కన పొట్ట పట్టుకుని నవ్వుతోంది ఆ పిల్ల. లేవకుండానే పిలిచాను. “అమ్మా, నీ బొంగూ ఇంతే! అందులో అణువులన్నీ ఇలా పట్టుకునే ఉంటాయి. ఒకటి పక్కదాన్ని తొయ్యాలి, అది ఆ పక్కదాన్ని. బొంగులో శబ్దం ఎంత వేగంగా పోతుందో ఆ తోపూ అంతే.”

“సంద్రుడి దాకా ఎంతసేపు పడుద్ది?”

దుమ్ములోనే వేలితో లెక్కేశాను. “కాంతికి సెకను పైచిలుకు. బొంగుకి దగ్గర దగ్గర ఒక రోజు.”

“ఓలమ్మో! ఇయ్యాల పొడిస్తే రేపు తగులుద్దా?”

“అందాకా పట్టుకుని నిలబడేదెవులే?” అన్నాడు తాత.

ఆమె నవ్వు ఆగింది. “మరి ఆ రోజే సెప్పనేదేటి సార్?”

“తెలీక. తెలీదనడానికి సిగ్గేసి నిన్ను ఎగతాళి చేశాను. తప్పు నాదే. పేరు మళ్లీ ఇస్తావా?”

“ఈ మాట క్లాసులో సెప్పండి. నవ్వినోలందరూ ఇనాల. అప్పుడు సూత్తాను.”

సోమవారం మొదటి పీరియడ్‌లోనే చెప్పాను. పిల్లలు మళ్లీ నవ్వారు, ఈసారి నన్ను చూసి. ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చింది.

“పేరు రాసేయండి సార్. బొంగు బదులు ధింసా వరస సూపిత్తాను. మరి పాడేరులో ఎవులైనా నవ్వితే?”

“నేను పక్కనే ఉంటాను కదా.”

“మొదల నవ్వింది మీరే కదేటి!” అంది, పెన్ను నా చేతికిస్తూ.