తలుపు ఎవరు తీశారు

అమ్మమ్మ ఇంటి గుమ్మం పక్కన కాలింగ్ బెల్ ఒకటి ఉంది. దాని మీద ఒక సాలెపురుగు ఏళ్ళ తరబడి కాపురం చేసింది. పిల్లల్ని కని, వాళ్ళకి పెళ్ళిళ్ళు కూడా చేసి ఉంటుంది. ఆ బెల్ జోలికి ఎవరూ పోయేవారు కాదు మరి. పగలంతా లోపల ఉండేది తాతయ్య ఒక్కడే, ఆయనకు వినపడదు. అమ్మమ్మ సాయంత్రం పని నుంచి వచ్చి, సంచి అడుగుదాకా చెయ్యి దూర్చి, తాళంచెవి వెతుక్కుని, తన ఇంటి తలుపు తనే దొంగలా తీసుకుని లోపలికి వచ్చేది.

తాతయ్య వయసంతా ఒక అచ్చాఫీసులో పెద్ద యంత్రం పక్కన నిలబడి గడిపాడు. ఆ యంత్రం ఆయనకు కూడు పెట్టింది, బదులుగా వినికిడిని కొంచెం కొంచెం కొరుక్కు తినేసింది. ఉద్యోగం మానే వేళకు పక్కన బాంబు పేలినా "ఎవరో తలుపు వేసినట్టున్నారు" అనే స్థితికి చేరాడు.

అమ్మమ్మ ఉద్యోగం కూడా చెవులతోనే. ఒక సేవాసంస్థ చెవుడు వచ్చిన పెద్దవాళ్ళకు ఉచితంగా చెవి మిషన్లు ఇస్తుంది. ఇవ్వడం ఒక జట్టు పని. ఇచ్చినవాటిని వాడుతున్నారా, లేక అటక మీద పారేశారా అని ఇల్లిల్లూ తిరిగి చూసి రాయడం ఇంకో జట్టు పని. ఆ రెండో జట్టుకు పెద్ద అమ్మమ్మ. జట్టంటే పెద్ద సైన్యమేమీ కాదు: అమ్మమ్మ, ఎక్స్‌ప్రెస్ అనే కుర్రాడు, అతని స్కూటరు. అతని అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. స్కూటరు మీద పోతుంటే చీమలు కూడా హారన్ కొట్టి దాటిపోతాయని ఆ పేరు పెట్టారు.

మొదటి విడతలోనే అమ్మమ్మ తాతయ్యకు ఒక మిషను ఇప్పించింది. అంతకన్నా గర్వపడిన పని ఆవిడ జీవితంలో లేదు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తాతయ్య కిటికీ పక్కన కుర్చీలో, చెవిలో మిషనుతో, పెళ్ళిచూపులకు కూర్చున్న పెళ్ళికొడుకులా ఉండేవాడు. అది చూడగానే అమ్మమ్మ మొహం వెలిగిపోయేది. ఇక ఆ పూట ఎవరింట్లో కోడలు విసుక్కుంది, ఎవరి మిషను కుక్క నమిలింది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. తాతయ్య "ఊఁ" అనేవాడు. "పెళ్ళైన కొత్తలో కూడా ఇంత శ్రద్ధగా వినలేదు ఈయన" అని ఊరంతా తిరిగి చెప్పుకుంది. ఎదుటి మనిషి అడ్డు చెప్పకుండా వింటున్నాడంటే అమ్మమ్మకు సంతోషమే తప్ప అనుమానం రాదు.

ఇలా ఉండగా ఆఫీసుకు కొత్త డైరెక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, మెత్తటి గొంతు. ఒకరోజు మధ్యాహ్నం అమ్మమ్మను పిలిచి కూర్చోబెట్టింది.

"అందరి పనినీ మీరు కొలుస్తున్నారు కదమ్మా. మరి మీ జట్టు పనిని దేంతో కొలవాలి? ఈ ఏడాదికి మీరే ఒక లక్ష్యం పెట్టుకోండి. కొలిచి చూసుకునేలా ఉండాలి."

లక్ష్యమంటే బాణం, కొలవడమంటే టేపు. రెండూ కలిపి చేతికిస్తే ఎవరికైనా కొంచెం కంగారే. అమ్మమ్మ మాత్రం తొణకలేదు.

"పెట్టుకోవడానికేముంది మేడమ్? మేం వెళ్ళిన ప్రతి ఇంట్లో మిషను చెవిలోనే ఉంది. నూటికి నూరు. పోయినేడాదీ అంతే."

"వెళ్ళే ముందు ఫోన్ చేస్తారా?"

"చెయ్యకుండా ఎలా పోతాం? మర్యాద ఉండక్కర్లా?"

"మిషను చెవిలో ఉంది, సరే. వాళ్ళకి వినపడుతోందని ఎలా తెలుస్తుంది?"

అమ్మమ్మ సంచిలోంచి లెక్కల పుస్తకం తీసి తిరగేసింది. అందులో మిషను చెవిలో ఉందా లేదా అన్న గడి ఒక్కటే ఉంది.

"నూటికి నూరు అని చూస్తే నాకు కొంచెం భయం వేస్తుందమ్మా. అంతే, ఇంకేం లేదు" అంది డైరెక్టరమ్మ.

"అంటే నావి దొంగ లెక్కలంటారా?"

"అయ్యో, అలా ఎందుకంటాను? మీరే ఒకసారి ఆలోచించండి."

అమ్మమ్మకు ముక్కు మీద కోపం. తలనొప్పి అని చెప్పి, సంచి భుజాన వేసుకుని, దారి పొడవునా ఆ మెత్తటి గొంతును వెక్కిరిస్తూ ఎండలోనే ఇంటికి వచ్చేసింది. కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. తాళం తీసుకుని లోపలికి వెళితే తాతయ్య అటు తిరిగి బల్ల ముందు కూర్చుని, చొక్కాకు బొత్తాం కుట్టుకుంటూ, శ్రుతీ లయా లేని పాటేదో కూనిరాగం తీస్తున్నాడు. రెండు చెవులూ ఖాళీ. బొత్తాల డబ్బాలో, రంగురంగుల బొత్తాల మధ్య, చెవి మిషను బుద్ధిగా పడుకుని ఉంది.

"ఏమండీ" అంది అమ్మమ్మ.

తాతయ్య దారం కొరికాడు.

"ఏమండీ, నేనొచ్చాను."

ఆయన సూదిలోకి ఇంకో దారం ఎక్కిస్తున్నాడు.

అమ్మమ్మ వచ్చిన దారినే మునివేళ్ళ మీద వెనక్కి నడిచింది. ఆయన ముందు మునివేళ్ళ మీద నడవాల్సిన పనే లేదని గుమ్మం దాటాక తోచింది. అప్పుడొచ్చింది ఏడుపు.

వీధి చివర సిమెంటు బెంచీ మీద రోజూ వచ్చే వేళ దాకా కూర్చుంది. తర్వాత లేచి, ఏమీ ఎరగనట్టు నడిచింది. దూరం నుంచే కిటికీలో తాతయ్య తల కనపడింది, చటుక్కున మాయమైంది. మోకాళ్ళ నొప్పులని రోజూ మూలిగే మనిషి! ఆమె తలుపు తీసేసరికి కుర్చీలో పెళ్ళికొడుకు తయారు. చెవిలో మిషను.

అమ్మమ్మ ఎదురుగా కూర్చుంది.

"ఇవాళ ఆఫీసుకి ఏనుగొచ్చింది" అంది, మామూలు గొంతుతో.

"ఊఁ."

"పాపం ఆకలిగా ఉందంటే వెంట తీసుకొచ్చా. వంటింట్లో కట్టేశాను."

"మంచి పని చేశావు."

"రాత్రికి మీ పక్కనే పడుకుంటుంది."

"అలాగే. నీ ఇష్టం."

అమ్మమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. చెయ్యి చాపి, ఆయన చెవిలోంచి మిషను తీసి గుప్పిట్లో మూసింది. బతికున్న మిషను గుప్పిట్లో పడితే కోడిపిల్లలా సన్నగా కూత పెడుతుంది. ఇది కిక్కురుమనలేదు. వెనక మూత తీసి చూస్తే బ్యాటరీ లేదు.

తాతయ్య చాటుగా పంచదార తింటూ దొరికిపోయిన పిల్లాడిలా చూశాడు. అమ్మమ్మ తన సంచిలోంచి కొత్త బ్యాటరీ తీసి, వేసి, మిషను మళ్ళీ ఆయన చెవిలో పెట్టింది. ఆయన మొహం చిట్లించాడు.

"ఇప్పుడు చెప్పండి. ఎన్నాళ్ళ నుంచి ఈ నాటకం?"

"గట్టిగా అరవకే."

"అరవట్లేదు. మీతో ఇంత మెల్లగా మాట్లాడి ఎన్నేళ్ళయిందో."

తాతయ్య చెవి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "బ్యాటరీ వేస్తే చెంచాలు అరుస్తాయి. కుళాయి అరుస్తుంది. నేను నమిలితే నా పళ్ళే అచ్చు యంత్రంలా మోగుతాయి. నీ గొంతు ఆ గోల వెనకాల ఎక్కడో ఉంటుంది, దొరకదు. విసుగొచ్చి తీసేశాను."

"మరి సాయంత్రాలు ఎందుకు పెట్టుకుంటున్నారు?"

"అది పెట్టుకుంటే నీ మొహం వెలుగుతుంది కదా. అది చూడ్డానికి చెవులెందుకు?"

ఇలాంటి మాట ముందే అని ఉంటే తిట్లు కొన్ని తప్పేవి. అమ్మమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "చెంచాలు అరుస్తున్నాయని ఒక్క ముక్క చెప్పలేకపోయారా? అది సరిచెయ్యడమేగా మా పని!" అని తిట్టింది. తాతయ్య మిషను తీసి బొత్తాల డబ్బాలో వేసేశాడు. ఎంత ప్రేమ ఉన్నా, కొంతసేపే.

మర్నాడు పొద్దున అమ్మమ్మ ఎక్స్‌ప్రెస్‌ను పట్టుకుంది.

"నిజం చెప్పరా. ఫోన్ చెయ్యకుండా ఎప్పుడైనా ఎవరింటికైనా వెళ్ళావా?"

"స్కూటరు చెడిపోయిన రోజు నడిచెళ్ళానక్కా. ఆ ముసలాయన మిషను గరిటెల డబ్బాలో ఉంది. పాపం అప్పుడే తీశాడేమో అనుకున్నా."

"రోజూ స్కూటరు మీదేగా పోతావు?"

"దాని చప్పుడు వీధి మొదట్లోనే వినపడుతుంది కదా. చెవి మిషను వాళ్ళొస్తున్నారని పిల్లలు కేకేస్తారు. నేను చేరేసరికి…" అని ఎక్స్‌ప్రెస్ ఆగిపోయాడు. అతని బుర్ర కూడా స్కూటరు వేగంతోనే నడుస్తుంది, కానీ చేరుతుంది. "అమ్మో! అక్కా!"

ఆ మధ్యాహ్నం అమ్మమ్మ డైరెక్టరమ్మ ముందు ఒక కాగితం పెట్టింది. ఇకమీదట ఫోన్లు చెయ్యరు. స్కూటరు వీధి చివరే ఆపుతారు. బెల్ కొడతారు. తలుపు ఎవరు తీశారో చూస్తారు. మిషను ఉన్న మనిషే వచ్చి తీస్తే విన్నట్టు. ఇంట్లో వేరేవాళ్ళు తీస్తే, చప్పుడు చెయ్యొద్దని సైగ చేసి, వెనక నుంచి మామూలు గొంతుతో పిలుస్తారు. తిరిగి చూస్తే విన్నట్టు. ఏడాది తిరిగేలోపు సగం ఇళ్ళలోనైనా అలా జరగాలి.

"నూరు నుంచి సగానికి దిగడం కష్టంగా లేదూ?" అంది డైరెక్టరమ్మ.

"కడుపు రగిలిపోతోంది మేడమ్. అడుగున రాశాను చూడండి, మొదటి ఇల్లు నాదే. అక్కడ ఎవరూ తిరిగి చూడలేదు."

డైరెక్టరమ్మ కాగితం అడుగుదాకా చదివింది. "మా అమ్మకు కూడా ఒకటి కొనిచ్చానమ్మా. ఎప్పుడు ఫోన్ చేసినా బాగుందంటుంది" అంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వేశారు.

ఈ కొత్త పద్ధతిలో మొదటి విడత తెరుచుకున్న తలుపుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎక్స్‌ప్రెస్‌కు ఏడుపొక్కటే తక్కువ. కానీ తెరుచుకోని ప్రతి ఇంటికీ చెవులు పరీక్షించే అమ్మాయిని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళారు. ఒకరికి చెవిలో పెట్టుకునే బిరడా బిగుతు. ఒకరికి గొట్టం నిండా గులిమి. చాలామందికి తాతయ్యకు లాగే చెంచాల గోల. ఆ అమ్మాయి తాతయ్య మిషనులో కూడా ఏవేవో తిప్పి చెంచాల నోరు నొక్కింది. "రోజుకి కాసేపు పెట్టుకోండి, తర్వాత కొంచెం కొంచెం పెంచుకుంటూ పోండి, తాతగారూ" అని చెప్పింది. అమ్మమ్మ ఆ మాట పట్టుకుని ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. తాతయ్య సణుగుతూనే పెట్టుకున్నాడు.

ఊరందరి బెల్లులూ నొక్కిన అమ్మమ్మ తన ఇంటి ముందుకు వచ్చేసరికి మాత్రం సంచిలో చెయ్యి పెట్టి తాళంచెవి తీసేది. భయం. బెల్ నొక్కి, నిలబడి, ఆయన రాకపోతే? సాయంత్రాల ఆ ఊఁలు ఏ రకం ఊఁలో తేలిపోతుంది కదా. తేలకుండా ఉంటేనే నయమని ఎన్ని ఇళ్ళవాళ్ళు అనుకున్నారో ఆవిడకు అప్పుడు అర్థమైంది.

"రెండో విడత అన్ని ఇళ్ళూ అయిపోయాయక్కా, ఒక్కటి తప్ప" అన్నాడు ఎక్స్‌ప్రెస్ ఒకరోజు, స్కూటరు తుడుచుకుంటూ.

"నోర్ముయ్‌రా" అంది అమ్మమ్మ. కానీ ఆ రోజు పెందలాడే బయల్దేరింది. కిటికీలోంచి కనపడకుండా గోడ వారగా నడిచింది. సాలెపురుగును క్షమించమని అడిగి, కొంగుతో గూడు తుడిచి, బెల్ నొక్కింది.

లోపల ఏ అలికిడీ లేదు.

పక్కింటావిడ బట్టలు ఆరేస్తూ తొంగిచూసింది. "ఏం వదినా, తాళంచెవి పారేసుకున్నావా?"

"లేదు, సంచిలోనే ఉంది."

"మరి బెల్లెందుకు? ఆయనకు…" అని ఆవిడ నాలిక కరుచుకుంది.

అమ్మమ్మ మళ్ళీ నొక్కింది. చెయ్యి తనంతట తనే సంచిలోకి పోయింది. తాళంచెవి వేళ్ళకు తగిలింది కూడా.

"ఎవరూ?"

లోపలి నుంచి. కుర్చీ జరిగిన చప్పుడు, చెప్పులు ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు. అమ్మమ్మ జవాబు చెప్పలేదు. ఆ మాట ఇంకోసారి వినాలనిపించింది.

"ఎవరూ? అడుగుతుంటే పలకరేం? చెవుడా?"

అమ్మమ్మ గోడకు జారబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది. పక్కింటావిడ చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది.

తలుపు తెరుచుకుంది. తాతయ్య సగం బొత్తాలు పెట్టిన చొక్కాతో నిలబడి ఉన్నాడు. నిద్రలోంచి లేచొచ్చినట్టు జుట్టంతా రేగి ఉంది. కానీ మిషను చెవిలో ఉంది.

"నువ్వా? తాళంచెవి లేదూ?"

అమ్మమ్మ ఉందన్నట్టు తలూపింది.

"మరి బెల్లెందుకు కొట్టావు? కాస్త కన్నంటుకుందనుకుంటే… ఇవాళేమైంది? ఎవరింట్లో ఏం జరిగింది? చెప్పవేం?"

"ఊఁ" అంది అమ్మమ్మ.